క్రీ.పూ. 431ని అప్పటివాళ్లు ఏమని పిలిచేవాళ్లు?

తెనాలి_టైమ్‌లైన్

ప్రాచీన చరిత్ర మొత్తం ఒక ఎక్సెల్ షీట్‌లో పెడుతున్నాను. గ్రీసు, రోము, పర్షియా, చైనా, మన దేశం పక్కపక్కన కాలమ్స్. మా పాప ఎనిమిదో తరగతి, తన కోసం మొదలుపెట్టాను. ఇప్పుడు నాకే వదలబుద్ధి కావడం లేదు.

ఏ రెండు పుస్తకాలూ ఒక్క మాట మీద ఉండవేమిటండీ? ఏథెన్స్, స్పార్టాల మధ్య పెలొపొనీసియన్ యుద్ధం మొదలైంది 431లో అని ఒకరు రాస్తే, అదే ఏడాదిని ఇంకొకరు 432/1 అని గీత పెట్టి రాస్తారు. గాల్ తెగలవాళ్లు రోము నగరాన్ని దోచుకున్నది ఒకచోట 390, ఇంకోచోట 387. బుద్ధుడి నిర్వాణానికి 544, 486, 483 మూడూ ఉన్నాయి. బాబిలోన్ రాజు హమ్మురాబి గద్దెనెక్కింది 1792 అంటారు, 1728 అంటారు. అరవై నాలుగేళ్ల తేడా! పైగా ఎక్సెల్ 1900కి ముందు తేదీనే తీసుకోదు.

నాకు తెలియాల్సినవి రెండు. ఈ తేడాలు ఎక్కడినుంచి వస్తున్నాయి? ఇంకోటి, క్రీ.పూ. అనే లెక్క చాలా తర్వాత వచ్చింది కదా, మరి ఆ ఏడాది బతికున్నవాళ్లు దాన్ని ఏమని చెప్పుకునేవాళ్లు? ఉదాహరణకి 431నే తీసుకోండి. ఒక్కో దేశంలో దాని పేరేమిటో నాకొక వరస కావాలి.

లెక్కల_మాస్టారు

గీత సంగతి తేలిక. ఏథెన్స్‌లో సంవత్సరం జనవరిలో మొదలుకాదు, నడివేసవిలో మొదలవుతుంది. వాళ్ల ఒక ఏడాది మన రెండేళ్ల మీద పడుతుంది. 432/1 అంటే 432 వేసవి నుంచి 431 వేసవి దాకా. యుద్ధం 431 వసంతంలో మొదలైంది కాబట్టి ఇద్దరూ రాసింది సరైనదే.

ఏథెన్స్_పిచ్చి

431 అడిగారంటే నా ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఆ ఏడాదికి పేరు పెట్టడానికి ఒక మనిషి ఎంత కష్టపడ్డాడో మనకు రాతపూర్వకంగా ఉంది.

ఆ యుద్ధం చరిత్ర రాసిన ఏథెన్స్‌వాడు థ్యూసిడిడీస్ తన చరిత్ర రెండో భాగం మొదట్లో యుద్ధం ఎప్పుడు మొదలైందో చెప్పాలి. ఆయనకి "431" లేదు. గ్రీసు అంతటికీ కలిపి ఒక లెక్కే లేదు. అందుకని ఇలా చెప్పుకొస్తాడు: యూబియా గెలిచాక చేసుకున్న ముప్పై ఏళ్ల సంధి పద్నాలుగేళ్లు నిలిచింది, పదిహేనో ఏట, ఆర్గోస్‌లో క్రిసిస్ పూజారిణి అయిన 48వ సంవత్సరంలో, స్పార్టాలో ఐనీసియస్ ఎఫర్‌గా (అక్కడి పాలనాధికారి) ఉండగా, ఏథెన్స్‌లో పైథొడోరస్ ఆర్కన్ (ఏటా మారే ముఖ్యాధికారి) పదవి ఇంకా కొద్ది నెలలు మిగిలుండగా, పొటీడియా యుద్ధం అయిన ఆరో నెలలో, వసంతం మొదట్లో... అప్పుడు థీబ్స్ సైనికులు ప్లటాయాలోకి జొరబడ్డారు.

ఒక్క ఏడాదిని చెప్పడానికి మూడు నగరాల అధికారులు, ఒక సంధి, ఒక యుద్ధం, ఒక రుతువు. ఆర్గోస్‌వాడు చదివినా, స్పార్టావాడు చదివినా ఎక్కడో ఒకచోట తనకు తెలిసిన గుర్తు తగలాలని. నాకైతే ప్రాచీన గ్రంథాలన్నిటిలో ఇంత నిజాయితీ ఉన్న వాక్యం ఇంకోటి కనపడదు.

తర్వాత ఐదో భాగంలో ఆయనే ఇంకో మాట అంటాడు. అధికారుల పేర్లతో ఏళ్లు లెక్కపెడితే కచ్చితంగా ఉండదట, ఎందుకంటే ఒక సంఘటన ఆ అధికారి పదవి మొదట్లో జరిగిందా, మధ్యలోనా, చివర్లోనా తెలియదు. అందుకే యుద్ధం మొత్తాన్ని వేసవులు, చలికాలాలుగా లెక్కవేశాడు.

హన్మకొండ_సుమ

నలభై ఎనిమిదేళ్లు పూజారిణిగా! ఆవిడ వయసెంత ఉండుంటుంది?

ఏథెన్స్_పిచ్చి

@హన్మకొండ_సుమ వయసు రాయలేదు కానీ ఆవిడ కథ అక్కడితో అయిపోలేదు అక్కా. యుద్ధం మొదలైన ఎనిమిదిన్నరేళ్లకి, 423లో, క్రిసిస్ గుడిలో దండల దగ్గర దీపం పెట్టి నిద్రపోయింది. దండలు అంటుకున్నాయి, హేరా దేవత గుడి మొత్తం కాలిపోయింది. ఆర్గోస్ వాళ్లు ఏం చేస్తారోనని ఆ రాత్రికి రాత్రే ఫ్లియస్ అనే ఊరికి పారిపోయింది. వాళ్లు ఫయీనిస్ అనే ఇంకొకావిడను పెట్టుకున్నారు.

డాలస్_బాబాయ్

అంటే ఆర్గోస్ క్యాలెండర్ ఊరొదిలి పారిపోయిందన్నమాట!

హన్మకొండ_సుమ

బాబాయ్ 😂

పాతశాసనం

ఏథెన్స్ అన్న చెప్పింది బాగుంది కానీ అసలు ప్రశ్న ఇంకా అలాగే ఉంది. పైథొడోరస్ ఆర్కన్‌గా ఉన్న ఏడాదే మన 432/1 అని ఎలా తెలుసు? పేర్ల జాబితా ఎంత పొడుగున్నా గాల్లో వేలాడుతూనే ఉంటుంది, ఎక్కడో ఒకచోట మేకు కొట్టేదాకా.

ఏథెన్స్_పిచ్చి

@పాతశాసనం మేకు అదే పుస్తకంలో ఉంది. యుద్ధం మొదటి వేసవిలో అమావాస్యనాడు మధ్యాహ్నం తర్వాత సూర్యగ్రహణం పట్టిందని, సూర్యుడు నెలవంకలా అయ్యాడని, కొన్ని నక్షత్రాలు కనపడ్డాయని రాశాడు. వెనక్కి గుణిస్తే అది క్రీ.పూ. 431 ఆగస్టు 3. రాజులు, ఆర్కన్లు, పూజారిణులు మారతారు, గ్రహణం మారదు.

లెక్కల_మాస్టారు

అష్షూరు (అస్సీరియా) వాళ్లదీ ఇదే పద్ధతి. వాళ్లు ఏటా ఒక ఉన్నతాధికారి పేరు ఆ ఏడాదికి పెట్టేవాళ్లు, లిమ్ము అంటారు. బుర్-సగలె అనే ఆయన ఏడాదిలో అష్షూర్ నగరంలో తిరుగుబాటు జరిగిందని, సిమాను నెలలో సూర్యగ్రహణం పట్టిందని జాబితాలో ఉంది. అది క్రీ.పూ. 763 జూన్ 15. ఆ ఒక్క గ్రహణంతో ముందూ వెనకా ఉన్న లిమ్ములందరికీ సంవత్సరాలు కుదిరిపోయాయి.

తెనాలి_టైమ్‌లైన్

అద్భుతం. మరి ఒలింపియాడ్ లెక్క ఉంది కదా? 776 నుంచి నాలుగేళ్లకొకటి. థ్యూసిడిడీస్ అది ఎందుకు వాడలేదు?

ఏథెన్స్_పిచ్చి

ఆటలు ఉన్నాయి, వాటికి నంబర్లు వేసి చరిత్ర రాసే అలవాటు ఇంకా రాలేదు. సిసిలీకి చెందిన టిమయోస్ తర్వాతే అది స్థిరపడింది, అంటే క్రీ.పూ. మూడో శతాబ్దం. థ్యూసిడిడీస్ 428 నాటి ఆటలను "రోడ్స్ దొరియస్ రెండోసారి గెలిచిన ఒలింపిక్స్" అంటాడు. మనం వెనక్కి వెళ్లి వేసుకుంటే 431 వసంతం 87వ ఒలింపియాడ్ మొదటి ఏడాది, వేసవి దాటాక రెండో ఏడాది. షీట్‌లో రాసుకోండి, కానీ పక్కన "తర్వాతివారి లెక్క" అని పెట్టండి.

రోమన్_రహదారి

రోము సంగతి నేను చెబుతా. అక్కడ ఏటా ఇద్దరు కాన్సల్స్ (రాజ్యం నడిపే పెద్ద అధికారులు), ఏడాదికి వాళ్లిద్దరి పేర్లే పేరు. ఫలానా ఇద్దరు కాన్సల్స్‌గా ఉండగా పుట్టాడు, ఫలానా ఇద్దరు ఉండగా పోయాడు, అంతే. క్రీ.పూ. 59లో కాన్సల్స్ జూలియస్ సీజర్, బిబులస్. సీజర్ జోరుకి తట్టుకోలేక బిబులస్ ఇంట్లోనే కూర్చుండిపోయాడు. దాంతో రోము జనం ఆ ఏడాదిని "జూలియస్, సీజర్‌లు కాన్సల్స్‌గా ఉన్న సంవత్సరం" అని చెప్పుకుని నవ్వుకున్నారని రోము రచయిత సుయెటోనియస్ రాశాడు. ఏళ్లకు మనుషుల పేర్లు పెడితే వచ్చే సుఖం ఇదీ 🙂

"నగరం పుట్టినప్పటి నుంచి" అనే లెక్క, అంటే 753 నుంచి, ఇప్పటి పుస్తకాల్లో కనిపించినంతగా ఆ కాలంలో మామూలు జనం వాడలేదు. 753 అనేది వారో అనే రోము పండితుడి లెక్క. ఇంకొందరు ఒక ఏడాది తేడాతో 752 అన్నారు.

ఇక 390, 387 గొడవ. వారో లెక్క ప్రకారం గాల్ దాడి 390. కానీ పొలిబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు ఈగొస్పొటమి యుద్ధం అయిన 19వ ఏట, లూక్ట్రా యుద్ధానికి 16 ఏళ్ల ముందు, అంతల్కిడస్ సంధి జరిగిన ఏడాది అని మూడు గ్రీకు సంఘటనలకు ముడి వేశాడు. అవి మనకు గట్టిగా తెలుసు. లెక్క 387/6కి వస్తుంది. మరి రోము జాబితాలో ఎక్కువైన ఏళ్లు ఏవి? కాన్సల్స్ లేకుండా డిక్టేటర్ ఒక్కడే ఏడాదంతా ఉన్నట్టు నాలుగు సంవత్సరాలు ఉన్నాయి: 333, 324, 309, 301. రోము చరిత్రకారుడు లివీ పుస్తకంలో ఆ నాలుగూ లేవు. జాబితాను సాగదీయడానికి తర్వాత చేర్చారని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం.

కాబట్టి అన్నా, క్రీ.పూ. 300కి ముందున్న రోము ఏళ్లన్నిటికీ మీ షీట్‌లో వేరే రంగు వెయ్యండి. రోము "431"లో కాన్సల్స్ టైటస్ క్వింక్టియస్, నియస్ జూలియస్. కానీ అది పైథొడోరస్ ఉన్న 431తో ఏడాదికి ఏడాది సరిపోతుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

తెనాలి_టైమ్‌లైన్

అంటే ఒకే అడ్డవరసలో పెట్టిన రెండు గళ్లు ఒకే ఏడాది కాకపోవచ్చా? షీట్ మొత్తానికే టెన్షన్ పెట్టారు.

డాలస్_బాబాయ్

టెన్షన్ వద్దు. నేను డేటాబేస్ పనిలో ఉన్నాను, ఇలా చేయి. ఒక్కో సంఘటనకి ఒక్క తేదీ గడి పెట్టకు. రెండు పెట్టు: ఎంత ముందు జరిగుండవచ్చు, ఎంత తర్వాత. మూడో గడిలో ఆ కాలంవాళ్లు రాసుకున్న పేరు యథాతథంగా. తేదీ ఫార్మాట్ వద్దు, మామూలు నంబరు పెట్టు.

నంబరు కోసం క్రీ.పూ.కి మైనస్ పెట్టుకో. 431 అయితే -431.

లెక్కల_మాస్టారు

ఆగండాగండి. -431 కాదు, -430 పెట్టాలి. క్రీ.పూ. 1 తర్వాత వచ్చేది క్రీ.శ. 1. మధ్యలో సున్నా సంవత్సరం లేదు. ఖగోళ శాస్త్రజ్ఞులు తీసివేతలు కుదరాలని క్రీ.పూ. 1నే సున్నా అంటారు, క్రీ.పూ. 2 అంటే -1. కంప్యూటర్ తేదీల ప్రమాణంలో కూడా అదే. గ్రహణాల పట్టికలో -430 అని ఉంటే అది మన 431.

డాలస్_బాబాయ్

నేను చెప్పేది చూపించే గడి గురించి మాస్టారూ. ఎనిమిదో తరగతి పాపకి -430 అని చూపిస్తే అయోమయం.

లెక్కల_మాస్టారు

చూపించే గడి వేరు, కూడికలు చేసే గడి వేరు, ఆ రెండూ కలపొద్దనే అంటున్నా. ఈ ఒక్క సంఖ్య దగ్గర దేశాలే తడబడ్డాయి. మారథాన్ యుద్ధం క్రీ.పూ. 490. ఏథెన్స్‌లో 2010 మారథాన్ పరుగుని 2500వ వార్షికోత్సవంగా జరిపారు. 490కి 2010 కలిపి ఒకటి తీసేయండి. 2499. వర్జిల్ పుట్టింది క్రీ.పూ. 70లో, ఇటలీ రెండు వేల ఏళ్ల ఉత్సవం 1930లో చేసింది. అదీ ఏడాది ముందే.

నల్లమల_నాని

ఏడాది ముందు చేస్తే పోయేదేముంది మాస్టారూ, పండగ పండగే కదా.

లెక్కల_మాస్టారు

పండక్కి పోయేదేం లేదు నానీ. రెండు రాజుల పాలనలు కలిపి కూడేటప్పుడు పోతుంది. ఒక్కో చోట ఒక్కో ఏడాది జారితే పది తరాలకి పదేళ్లు.

యూఫ్రటీస్_యాత్రి

హమ్మురాబి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

ఆ కాలంలో బాబిలోన్‌లో ఏడాదికి నంబరు లేదు, అధికారి పేరు కూడా లేదు. ఆ ఏడాదికో, అంతకు ముందటి ఏడాదికో సంబంధించిన పెద్ద సంగతే పేరు. హమ్మురాబి రెండో ఏడాది "దేశంలో న్యాయం నెలకొల్పిన సంవత్సరం". లార్సా రాజు రిమ్-సిన్‌ని ఓడించాడని 31వ ఏడాదికి ఆ పేరు. గుడికి సింహాసనం చేయించినా, కాలువ తవ్వించినా, కోటగోడ కట్టినా అదే ఆ ఏటి పేరు. బార్లీ అప్పు పత్రం మీద కూడా ఆ పేరే రాసేవాళ్లు. కొత్త ఏడాది వచ్చినా కొత్త పేరు ఇంకా ఊరికి చేరకపోతే "ఫలానా సంవత్సరం తర్వాతి సంవత్సరం" అని రాసుకునేవాళ్లు. ఈ పేర్ల జాబితాలు రాయసగాళ్ల దగ్గర ఉండేవి, కొన్ని మట్టి పలకలు మనకు దొరికాయి.

కాబట్టి హమ్మురాబి 31వ ఏట ఏం జరిగిందో, 33వ ఏట ఏం జరిగిందో గట్టిగా చెప్పగలం. మొదటి ఏడాది మన లెక్కలో ఎప్పుడు అంటేనే చిక్కు. ఆ వంశంలోనే కొన్ని తరాల తర్వాత వచ్చిన రాజు అమ్మిసదూక కాలంలో శుక్రుడు ఎప్పుడు కనిపించాడో, ఎప్పుడు కనుమరుగయ్యాడో రాసిన పట్టిక ఉంది. అందులో "బంగారు సింహాసనం సంవత్సరం" అని పేరు కూడా పడింది, దాన్నిబట్టే అది ఆయన ఎనిమిదో ఏడని గుర్తుపట్టారు. కానీ శుక్రుడి కదలికలు ఎనిమిదేళ్లకోసారి ఇంచుమించు అలాగే తిరిగివస్తాయి. చంద్రుడి నెలలతో కూడా కుదరాలంటే 56 ఏళ్లకో 64 ఏళ్లకో మళ్లీ సరిపోతుంది. అందుకే 1848, 1792, 1728 అని మూడు లెక్కలు. మీ 64 ఏళ్ల తేడా రచయితల నిర్లక్ష్యం కాదండీ, ఆకాశం ఇచ్చిన జవాబులే అన్ని.

ఎక్కువ పుస్తకాలు 1792ని వాడతాయి. షీట్‌లో అది పెట్టి, పక్కన "మధ్య లెక్క" అని రాయండి. మధ్య లెక్క రాజుని చిన్న లెక్క (1728) రాజు పక్కన కూర్చోబెడితే మాత్రం ఎప్పుడూ కలవని మనుషులు కలుస్తారు.

తెనాలి_టైమ్‌లైన్

శుక్రుడి మాట వినగానే ఒళ్లు జలదరించింది. మా పాపకి ఇప్పుడే చదివి వినిపించాను.

సరే, పేర్లు పెట్టడం మానేసి ఒకటి, రెండు, మూడు అని ఆగకుండా లెక్కపెట్టడం ఎప్పుడు మొదలైంది?

యూఫ్రటీస్_యాత్రి

అదీ బాబిలోన్‌లోనే. మన చంద్రగుప్త మౌర్యుడితో సంధి చేసుకున్న సెల్యూకస్ ఉన్నాడు కదా, ఆయన ఏళ్లు క్రీ.పూ. 312/1 నుంచి లెక్కపెట్టారు. 281లో ఆయన పోయాక కొడుకు ఆంటియోకస్ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టలేదు, తండ్రి లెక్కనే కొనసాగించాడు. అంతకు ముందు ప్రతి రాజు చావుతోనూ కాలం మళ్లీ మొదటికి వచ్చేది. 431నే చూడండి, అక్కడ అది పర్షియా చక్రవర్తి ఒకటో అర్తహషస్త 34వ ఏడాది, ఆయన పోగానే ఇంకో ఒకటి. సెల్యూకస్ లెక్క మాత్రం ఆ రాజ్యం పోయాక కూడా బతికింది. యూదులు పత్రాల మీద, సిరియా క్రైస్తవులు చేతిరాతల్లో వందల ఏళ్లు వాడారు.

అందులోనూ ఒక మెలిక ఉంది. గ్రీకు దర్బారు 312 శరదృతువు నుంచి లెక్కపెట్టింది. బాబిలోన్ వాళ్ల కొత్త ఏడాది వసంతంలో, వాళ్లు 311 నుంచి లెక్కపెట్టారు. యూదుల తిరుగుబాటు కథ చెప్పే మక్కబీయుల గ్రంథాలు రెండింటిలో సెల్యూకస్ వంశపు సేనాని లిసియాస్ దండయాత్ర ఒకదానిలో 149వ ఏడాది, ఇంకోదానిలో 150. ఈ రెండు మొదళ్లే దానికి కారణమని చాలామంది పండితులు అంటారు.

పంచాంగం_పక్కనే

ఇంత చదివాక అడగాల్సి వస్తోంది. మన కలియుగ లెక్క ఉండగా ఈ పేర్ల గోలంతా ఎందుకు? క్రీ.పూ. 3102 నుంచి ఆగకుండా నడుస్తోంది. రాజు పోయినా, రాజ్యం పోయినా అది ఆగలేదు. 431లో మనవాళ్లని అడిగితే ఒక్క సంఖ్య చెప్పేవాళ్లు. ఎప్పుడూ యూరప్ వాళ్ల లెక్కే ప్రమాణమా?

పాతశాసనం

@పంచాంగం_పక్కనే మీ బాధ నాకర్థమైంది గారూ, మన శాసనాలంటే నాకూ ప్రాణమే. అందుకే శాసనాల మాటే చెబుతాను.

కలి సంవత్సరం వేసిన ప్రసిద్ధ శాసనం ఐహొళెలో రెండో పులకేశిది, రవికీర్తి రాసింది. భారత యుద్ధం అయ్యాక 3735 ఏళ్లు, శక రాజుల కాలంలో 556 ఏళ్లు గడిచాయని రెండు లెక్కలూ ఇచ్చాడు. 3735 లోంచి 556 తీస్తే 3179. ఈ రోజుకీ పంచాంగంలో కలి సంఖ్యకీ శక సంఖ్యకీ తేడా అదే 3179! క్రీ.శ. 634 నాటి రాతికీ, ఈ ఉగాదికి మీ ఇంట్లో గోడకి తగిలించిన క్యాలెండర్‌కీ లెక్క చెక్కుచెదరలేదు. ఇది మామూలు విషయం కాదు.

కానీ అది ఏడో శతాబ్దం. అంతకు ముందు ఆర్యభటుడు కలిలో 3600 ఏళ్లు గడిచేసరికి తనకి 23 ఏళ్లని చెప్పుకున్నాడు, అంటే క్రీ.శ. 499. అంతకు వెయ్యేళ్ల ముందు, మౌర్యులకి కూడా ముందు, ఎవరైనా ఆ సంఖ్య వేసిన రాయి గానీ రేకు గానీ మన దగ్గర లేదు. 431కి కలి సంఖ్య వేసుకోవచ్చు, గత కలి 2671 వస్తుంది. గ్రీకుల ఒలింపియాడ్ లాగే అదీ తర్వాతివాళ్లు వెనక్కి వేసిన లెక్క.

అశోకుడి దగ్గరకి రండి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో పద్నాలుగు శాసనాలూ ఉన్నాయి, వీలుంటే వెళ్లి చూడండి. ఎక్కడా శకం లేదు. "అభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగ జయించాను" అంటాడు, అంతే. ఆ ఎనిమిది ఎప్పుడు? పదమూడో శాసనంలో ఆయనే మేకు కొట్టి పెట్టాడు: యవన (గ్రీకు) రాజు అంతియోకుడు, అతనికి అవతల తురమాయుడు, అంతికిని, మగుడు, అలికసుందరుడు. ఆంటియోకస్, టాలెమీ, ఆంటిగోనస్, మగస్, అలెగ్జాండర్. ఈ ఐదుగురూ ఒకేసారి గద్దెల మీద ఉన్న కాలం క్రీ.పూ. మూడో శతాబ్దం మధ్యలో కొద్ది ఏళ్లే. దాన్నిబట్టే అశోకుడి అభిషేకం క్రీ.పూ. 269-268 ప్రాంతమని చెప్పగలుగుతున్నాం. ఇక్కడ యూరప్ లెక్క మన మీద రుద్దిందేమీ లేదు. అశోకుడు తన రాళ్ల మీద తనే రాయించుకున్న పేర్లు అవి.

పంచాంగం_పక్కనే

ఐహొళె లెక్క చేసి చూశాను, కుదిరింది. అయినా రాయి దొరకలేదు కాబట్టి లెక్కే లేదనడం నాకు సమ్మతం కాదు. తాటాకు మీద ఉన్నది వెయ్యేళ్లు నిలుస్తుందా?

పాతశాసనం

నిలవదు. అందుకే "లేదు" అనలేదు, "మన దగ్గర లేదు" అన్నాను. షీట్‌లో గడి ఖాళీగా వదలడం తప్పు కాదు.

నల్లమల_నాని

శాతవాహనులది కూడా అంతేనా?

పాతశాసనం

ఇంకా కష్టం నానీ. నాసిక్‌లో గౌతమీపుత్ర శాతకర్ణి శాసనం "18వ సంవత్సరం, వర్షాకాలం రెండో పక్షం, మొదటి రోజు" అని ఉంది. రోజుతో సహా తెలుసు, ఏ 18 అన్నదే సమస్య. పురాణాల్లో రాజుల పాలనాకాలాలు కూడితే ఒక్కో పాఠంలో ఒక్కో మొత్తం వస్తుంది. అందుకే వంశం మొదలైంది క్రీ.పూ. మూడో శతాబ్దమని కొందరు, మొదటి శతాబ్దమని కొందరు. దొరికిన ఆధారం జోగల్‌తెంబి నాణేలు. పడమటి క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేల మీద గౌతమీపుత్రుడు తన ముద్ర మళ్లీ కొట్టించాడు. నహపాణుడి శాసనాల్లోని 41 నుంచి 46 దాకా ఉన్న ఏళ్లు శక సంవత్సరాలే అయితే అవి క్రీ.శ. 119-124. అక్కడినుంచి ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ వెళ్లాలి.

హన్మకొండ_సుమ

మా ఊళ్లో పాత ఇంటి దూలం మీద "ఆనంద నామ సంవత్సరం" అని చెక్కి ఉంది, తిథి, వారం కూడా. మా పెదనాన్న అది 1914 అంటాడు, మా నాన్న 1974 అంటాడు. పెళ్లిళ్లలో కూడా ఇదే వాదన. హమ్మురాబి గొడవ చదువుతుంటే మా ఇల్లే గుర్తొచ్చింది.

లెక్కల_మాస్టారు

@హన్మకొండ_సుమ తిథి, వారం రెండూ ఉంటే తేలిపోతుంది తల్లీ. ఒకే మాసం, ఒకే తిథి అరవై ఏళ్ల తేడాతో ఒకే వారం పడటం అరుదు. రెండు పాత పంచాంగాలూ తీసి ఆ తిథి ఏ వారం వచ్చిందో చూడండి. శాసనాల తేదీలు సరిచూసే పద్ధతి కూడా ఇదే.

ఇంకోటి. మన దక్షిణాది వరసలో ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లూ వరుసగా తిరుగుతాయి. ఉత్తరాదిలో బృహస్పతి నడకని పట్టుకుని లెక్కిస్తారు కాబట్టి సుమారు 85 ఏళ్లకోసారి ఒక పేరు ఎగిరిపోతుంది. అందుకే ఇప్పుడు అక్కడి ఏటి పేరు, ఇక్కడి ఏటి పేరు ఒకటి కావు. శాసనం ఎక్కడిదో చూడకుండా పేరు పట్టుకుని ఏడాది చెప్పేయకూడదు.

తెనాలి_టైమ్‌లైన్

బుద్ధుడిది మిగిలింది. ఎవరైనా?

బోధివృక్షం_నీడ

544 సింహళ, బర్మా సంప్రదాయం. దాని ప్రకారమే మన ప్రభుత్వం 1956లో 2500వ బుద్ధజయంతి జరిపింది. అంబేడ్కర్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది ఆ ఏడాదే. థాయ్‌లాండ్‌లో మాత్రం 2500 వచ్చింది 1957లో. వాళ్లు ఏడాది నిండాక లెక్కపెడతారు, వీళ్లు నడుస్తున్న ఏడాదిని లెక్కపెడతారు. మన శక సంవత్సరాల్లో గత, వర్తమాన అని రెండు లేవా, అదే తేడా.

486 ఎలా వచ్చిందంటే, సింహళ గ్రంథాలు నిర్వాణం తర్వాత 218 ఏళ్లకి అశోకుడి అభిషేకం అంటాయి. అశోకుడిది 268 అనుకుంటే 486. అభిషేకాన్ని మూడేళ్లు ఇవతలికి జరిపితే 483. ఉత్తరాది బౌద్ధ గ్రంథాల్లో ఆ 218 బదులు సుమారు వందేళ్లే ఉన్నాయి, అలా అయితే నాలుగో శతాబ్దంలోకి వచ్చేస్తుంది. పైన శాసనం గారు చెప్పిన ఐదుగురు యవన రాజులు లేకపోతే వీటిలో ఏ ఒక్కటీ నిలబడదు.

తెనాలి_టైమ్‌లైన్

431 వరస ఇలా పెట్టాను. ఏథెన్స్: వేసవి దాకా పైథొడోరస్. స్పార్టా: ఐనీసియస్. ఆర్గోస్: క్రిసిస్ 48. బాబిలోన్: అర్తహషస్త 34. రోము: క్వింక్టియస్, జూలియస్, వేరే రంగుతో. ఒలింపియాడ్, కలి రెండూ "తర్వాతివారి లెక్క" కింద. మన దేశం గడి ఖాళీ. చైనా ఎవరైనా చెబుతారా?

ఏథెన్స్_పిచ్చి

వేసవి తర్వాత ఏథెన్స్‌లో యుథిడెమస్ అని చేర్చండి.

యూఫ్రటీస్_యాత్రి

చైనాలో ఏడాదికేడాది గట్టిగా చెప్పగలిగేది క్రీ.పూ. 841 నుంచి. పాత పద్ధతి అక్కడా రాజు ఏళ్లే. లూ రాజ్యం వార్షిక చరిత్ర యిన్ ప్రభువు మొదటి ఏడాదితో మొదలవుతుంది, అది 722. ఆయన మూడో ఏట సూర్యగ్రహణం రాశారు, 720 ఫిబ్రవరి 22కి సరిపోయింది. కానీ ఆ గ్రంథం 431కి చాలా ముందే ఆగిపోతుంది. అరవై పేర్ల చక్రం వాళ్లకీ ఉంది, మొదట్లో దాంతో రోజులు లెక్కపెట్టారు, ఏళ్లకి వాడటం హాన్ కాలంలో స్థిరపడింది.

రోమన్_రహదారి

తెనాలి అన్నా, ఇంకొకటి. షీట్‌లో రెండు సంఘటనల మధ్య రోజులు కూడా లెక్కేస్తారేమో, క్రీ.పూ. 46 దగ్గర ఆగండి. ఆ ఏడాది రోములో 445 రోజులు.

నల్లమల_నాని

445 ఏంటి??

రోమన్_రహదారి

పాత రోము ఏడాది 355 రోజులే. అధిక మాసాలు వేయాల్సిన పూజారులు చాలా ఏళ్లు వేయకుండా వదిలేశారు, పంటల పండగలు రుతువులతో కలవడం మానేశాయి. సీజర్ కొత్త క్యాలెండర్ మొదలుపెట్టేముందు బాకీ అంతా ఒకే ఏడాదిలో తీర్చాడు. ఫిబ్రవరిలో 23 రోజులు, నవంబరుకీ డిసెంబరుకీ మధ్య 67 రోజులు కలిపాడు. మరుసటి ఏడాది 45 నుంచి 365, నాలుగేళ్లకోసారి 366. అది కూడా మొదట్లో పూజారులు పొరపాటున మూడేళ్లకోసారి వేశారు, అగస్టస్ వచ్చి సరిచేశాడు.

లెక్కల_మాస్టారు

అందుకే చెబుతున్నాను, రోజుల కూడికకి జూలియన్ రోజు సంఖ్య వాడండి. క్రీ.పూ. 4713 జనవరి 1 నుంచి రోజులు మాత్రమే, ఏళ్లూ నెలలూ రాజులూ ఉండరు. ఫార్ములా కావాలంటే రాత్రికి పెడతాను.

తెనాలి_టైమ్‌లైన్

పెట్టండి మాస్టారూ, షీట్ తెరిచే ఉంచుతాను.